గుమ్మం బయట నిలబడాలి



యలమంచిలిలో మన సంఘానికి చెందిన ఒక తల్లి ఇంటికి ఈమధ్య ప్రార్థనకు వెళ్లాను. ఆమె విధవరాలు, ఒంటరిగా ఉంటున్నది. ఆమె అనుమతితోనే ఈ సంగతి వ్రాస్తున్నాను. ఎప్పుడూ ముందుగదిలో కుర్చీ వేసే ఆమె ఆ రోజు వీధి అరుగు మీద చాప పరిచింది. ఎండ ముఖం మీద కొడుతోంది.

“లోపల కూర్చుందామమ్మా” అన్నాను.

“వద్దులెండి అయ్యగారూ. లోపల అబ్బాయి పెట్టించిన కెమెరా ఉంది. మాటలు కూడా వినిపిస్తాయట. మనసులో ఉన్నది మీతో చెప్పుకుందామంటే దాని ముందు నోరు రావడం లేదు” అంది.

కుమారుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు కెమెరా ఒకటి, ఫోనుతో వెలిగే బల్బు ఒకటి బిగించి వెళ్లాడు. బల్బు యాప్ లొకేషన్ అడిగితే ఈ తల్లి, “దీపం వెలగడానికి మన ఇల్లు ఎక్కడుందో దానికెందుకు బాబూ?” అని అడిగిందట. “అడిగినదానికల్లా ఓకే కొట్టాలమ్మా, లేకపోతే పని చేయదు” అన్నాడట అతడు.

ఆ మాట విని నేను సిగ్గుపడ్డాను. పాస్టరు నివాసంలో అలాంటి బల్బే పెట్టినప్పుడు నేనూ చదవకుండా ఓకే కొట్టాను. ఆమె అడిగిన ప్రశ్న నాకు తోచనైనా లేదు. ఇంటికి వచ్చి, తెలిసిన యౌవనస్థుల దగ్గర కూర్చుని నేర్చుకున్నాను.

ఆ ప్రశ్నకు జవాబు ఉంది. కొత్త బల్బును మన వైఫైకి కలపాలంటే ముందు ఫోను చుట్టూ వెదకి దానిని కనుక్కోవాలి. అలా వెదికేటప్పుడు ఇరుగుపొరుగు వారి వైఫై పెట్టెలు కూడా ఫోనుకు కనిపిస్తాయి. ప్రతి పెట్టెకూ ఒక గుర్తు సంఖ్య ఉంటుంది. ఏ పెట్టె ఏ వీధిలో ఉందో తెలిపే పట్టికలు పెద్ద కంపెనీల దగ్గర ఉన్నాయి. కనుక చుట్టూ ఉన్న పెట్టెలు చూచిన యాప్ మనమెక్కడున్నామో చెప్పగలదు. అందుకే 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుండి, ఇలా వెదికే యాప్ లొకేషన్ అనుమతి అడగాలని గూగుల్ నియమం పెట్టింది. అంటే ఆ ప్రశ్న ప్రతిసారీ మోసం కాదు, ఒక హెచ్చరిక కూడా. 2021లో ఆండ్రాయిడ్ 12తో ‘దగ్గరలోని పరికరాలు’ అనే వేరే అనుమతి వచ్చింది. ఆ తరువాత చాలా యాప్‌లకు బల్బును కనుక్కోవడానికి లొకేషన్ అక్కరలేదు. అయినా అడిగేవి ఉన్నాయి. మనం ఇంటికి చేరగానే దీపం వెలగాలంటే మాత్రం లొకేషన్ కావాలి. ఆ సౌకర్యం మనకు అక్కరలేకపోతే, ఆ అనుమతీ అక్కరలేదు.

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం 10, 11 వచనాలు తీసి చదవండి. అప్పు ఇచ్చినవాడు తాకట్టు తెచ్చుకోవడానికి అప్పు తీసుకున్నవాని ఇంట్లోకి వెళ్లకూడదు. బయట నిలబడాలి. ఇంటివాడే దానిని బయటికి తెచ్చి ఇవ్వాలి. అప్పు న్యాయమైనదే, తాకట్టు తీసుకునే హక్కూ ఉన్నదే. అయినా గుమ్మం దాటే హక్కు లేదు. పేదవాని పూరింటికి కూడా దేవుడు ఆ మర్యాద ఉంచాడు.

మన దేశంలో కూడా 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పారు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణకు పార్లమెంటు చట్టం చేసింది. చెప్పిన పనికి అవసరమైనంత సమాచారమే తీసుకోవాలనీ, సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడం అంత సులువుగా ఉండాలనీ అందులో ఉంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. దశలవారీగా అమలు చేస్తున్నారు.

“దేవుడు అన్నీ చూస్తున్నాడు కదా, తప్పు చేయనివారికి దాచేదేముంది?” అని ఒక సంఘపెద్ద నన్ను అడిగారు. మంచి ప్రశ్నే. 139వ కీర్తన ప్రకారం మనం కూర్చోవడం, లేవడం దేవునికి తెలుసు. కాని ఆయన మనలను చేసినవాడు, ప్రేమించేవాడు. కంపెనీ అలాంటిది కాదు. పైగా ప్రార్థన చేసేటప్పుడు గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమని మత్తయి 6వ అధ్యాయంలో ప్రభువే నేర్పించాడు. తలుపు వేసుకోవడం పాపాన్ని దాచడం కాదు.

చేతులు మారిన సమాచారం ఏమవుతుందో హిజ్కియా రాజును అడగండి. బబులోను నుండి పరామర్శకు వచ్చినవారికి సంతోషంతో ఇంట్లో ఉన్నదంతా చూపించాడు. తరువాత యెషయా ప్రవక్త వచ్చి, వాళ్లు నీ ఇంట్లో ఏం చూశారని నిలదీశాడు. అదంతా ఒకనాడు బబులోనుకు పోతుందని చెప్పాడు. మన కాలంలోనూ ఇలాంటివి జరిగాయి. అమెరికాలో అలెక్సా విషయమై, పిల్లల మాటలు, లొకేషన్ వివరాలు తల్లిదండ్రులు తీసివేయమన్నా ఉంచుకున్నారన్న ఆరోపణపై అమెజాన్ 2023లో రెండున్నర కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. మన రాష్ట్రంలోనే 2018 ఏప్రిల్‌లో గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షమందికి పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, కులం, మతం సహా ఎవరైనా చూసేలా ఉన్నాయని బయటపడింది. ఏ మతంవారి ఇల్లు ఎక్కడుందో పటం మీద చూపించే వీలు కూడా ఉండేదని పత్రికలు వ్రాశాయి. ఇల్లు ఎక్కడుంది అన్నది చిన్న సమాచారం కాదని మనవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఆ తల్లి సంగతి. ఆమె కోరితే కుమారునికి ఫోన్ చేశాను. మొదట నొచ్చుకున్నాడు. “అమ్మ మీద నిఘా పెడతానా అయ్యగారూ? పోయినేడు స్నానాలగదిలో జారిపడి రెండు గంటలు లేవలేక పడి ఉంది. ఆ రోజునుంచి నాకు నిద్ర లేదు” అన్నాడు. అతని గొంతు వణికింది. అది ప్రేమే. కాని ప్రేమతో వచ్చినవాడైనా గుమ్మం దగ్గర ఆగి అడగాలి. అడిగి పెట్టావా నాయనా అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

మరుసటి నెల వచ్చి తల్లి పక్కన కూర్చుని అడిగాడు. కెమెరాను వీధి గుమ్మం వైపు తిప్పాడు. దాని స్విచ్చి ఎక్కడుందో ఆమెకు చూపించాడు. పడిపోతే నొక్కడానికి మెడలో వేసుకునే చిన్న మీట తెచ్చాడు. బల్బు యాప్‌కు లొకేషన్ తీసేశాడు. బల్బు ఎప్పటిలాగే వెలుగుతోంది.

మీరు కూడా ఈ వారం ఇంటిల్లిపాదీ కూర్చుని ఫోను సెట్టింగుల్లో ఒక్కొక్క యాప్ అనుమతులు చూడండి. పరికరం బిగించే రోజుకే అవసరమైతే ‘ఈసారికి మాత్రమే’ అని ఇవ్వండి. మిగతావాటికి ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ చాలు. ఊరు తెలిస్తే సరిపోయేచోట ‘ఖచ్చితమైన లొకేషన్’ ఆపండి. ఇంటర్నెట్ వాడినంతకాలం మన ఊరు సుమారుగా వారికి తెలుస్తూనే ఉంటుంది. అయినా వీధి, గుమ్మం, రాకపోకల వేళలు చెప్పనక్కరలేదు. ఇంట్లో పెద్దవారున్న గదిలో ఏది పెట్టినా ముందు వారిని అడగండి.

మొన్న మళ్లీ ప్రార్థనకు వెళ్లాను. “లోపలికి రండి అయ్యగారూ” అంది ఆ తల్లి. ముందుగదిలో కుర్చీ వేసింది.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా ఇళ్లకు నీవే కావలివాడవై యుండుము. మా పెద్దల మర్యాదను కాపాడే మనసు మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.