ముందు గురువు, పిదప బరి

సాయంకాలము బడి గంట మ్రోగిన పిమ్మట రాబర్ట్‌సన్‌పేట వీధులలో నడచువారికి ఒక దృశ్యము క్రొత్త గాదు. పుస్తకముల సంచులు గోడ కానించి, ఇద్దరు బాలురు పిడికిళ్లు బిగించి, ఒకరినొకరు తాకకుండ గాలిని గ్రుద్దుచుందురు. మూడవవాడు ఒకటి, రెండు, మూడు అని లెక్కించుచుండును. ఇంతలో ఇంటి పెద్ద యెవరైన కనబడినచో చేతులు వెనుకకు పోవును. సంచులు భుజముల కెక్కును. ఇది ఆటయే. కాని ఆ పిల్లలలో ఎవరో యొకరు, బాలుడు గావచ్చును, బాలిక గావచ్చును, ఆట ముగిసిన పిదపను నిలిచి, "నిజముగా బాక్సింగు నేర్చి పోటీలలో దిగవలెనన్న ఎచ్చటికి పోవలెను?" అని యడుగుచున్నారు. ఈ ప్రశ్నకు మన పెద్దలు చెప్పు సమాధానములు రెండు. "ముందు చదువు చూచుకో" యనునది యొకటి. "ఏదో యొక జిమ్ములో చేరరాదా" యనునది రెండవది. మొదటిది సమాధానము గాదు. ప్రశ్నను వాయిదా వేయుట మాత్రమే. రెండవది సమాధానమే గాని, అపాయకరమైన సమాధానము.

అపాయమేల యందురా? బాక్సింగు పేరు బోర్డుపై వ్రాసికొన్న స్థలములు నేడు పట్టణములలో అనేకములు గలవు. వానిలో అధికభాగము ఒడలు తేలికపరచుకొనగోరు పెద్దలకొరకు ఏర్పడినవి. ఒక గంటసేపు సంచిని గ్రుద్ది, చెమటోడ్చి, ఇంటికి పోవుట వారి యవసరము. అందు తప్పులేదు, మోసమును లేదు. కాని పోటీలో దిగగోరువాని యవసరము వేరు. సంచి తిరిగి కొట్టదు, ఎదుటివాడు కొట్టును. పెద్దల పోటీలో మూడేసి నిమిషముల విడతలు మూడు; నడుమ ఒక్కొక్క నిమిషము విశ్రాంతి. ఐదుగురు న్యాయనిర్ణేతలు బరి చుట్టును కూర్చుండి, ఎవరి దెబ్బ శుభ్రముగా తగిలినదో చూచి మార్కులు వేయుదురు. బరువునుబట్టి తరగతులు, వయస్సునుబట్టి తరగతులు. ఇది యొక పరీక్ష. పాఠ్యప్రణాళిక నెరుగనివాడు మనలను పరీక్షకు సిద్ధపరచగలడా?

మేమెరిగిన యొక బాలుని సంగతి చెప్పుదుము. దూరపు పట్టణములో నొకచోట చేరిన ఐదవనాడే వానికి చేతొడుగులు తొడిగి, తనకంటె పెద్దవానియెదుట నిలిపిరి. ధైర్యము పరీక్షించుటకట! పిల్లవాడు పెదవి పగిలి యిల్లు చేరెను. మరల పోలేదు. అతనికి ధైర్యము చాలలేదని పలువురనిరి. మేమట్లనుకొనము. ఆ చోటికి గురువు చాలలేదు.

మంచి స్థలమనగా నేమో తెలిసికొనుటకు మనవారి యుదాహరణమే యొకటి కలదు. నిజామాబాదు పెద్ద నగరము గాదు. అచ్చట 1996లో జన్మించిన నిఖత్ జరీన్ మొదట పరుగుపందెములకై సాధన చేసెడిది. మైదానమున బాలికలు అన్ని యాటలును ఆడుచుండగా బాక్సింగులో ఒక్కతెయు లేకుండుట చూచి, ఇదేమని తండ్రి నడిగెనట. ఆమె తొలి గురువు శంసముద్దీన్. తోడి బాలికలు లేకపోగా బాలురతోడనే సాధన చేసెను. ఆ గురువు కుమారుడు హుసాముద్దీన్ సైతము 2018, 2022 కామన్వెల్త్ క్రీడలలోను, 2023లో తాష్కెంటులో జరిగిన ప్రపంచ పోటీలలోను కాంస్యపతకములు గెలిచినవాడే. పిమ్మట నిఖత్ విశాఖపట్టణమునకు పోయి, క్రీడా ప్రాధికార సంస్థవారి కేంద్రములో, ద్రోణాచార్య పురస్కారమందిన ఐ. వెంకటేశ్వరరావుగారి వద్ద శిక్షణ పొందెను. 2011లో టర్కీలోని అంతాల్యాలో బాలికల ప్రపంచ పోటీలో స్వర్ణపతకము వచ్చినది.

ఇక్కడ కథ ముగిసినదని తలచువారు తరువాతి సంవత్సరములను చూడవలెను. 2017లో భుజము కీలు తప్పి, శస్త్రచికిత్స చేయించుకొని, చాలకాలము బరికి దూరమైనది. పెద్దల ప్రపంచ స్వర్ణము 2022లో ఇస్తాంబుల్ నగరమున గాని రాలేదు. మరుసటి సంవత్సరము ఢిల్లీలో రెండవది వచ్చెను. 2024లో పారిస్ ఒలింపిక్సులో రెండవ పోటీలోనే ఓడెను. అంతాల్యాకును ఇస్తాంబులునకును నడుమ పదునొకండు సంవత్సరములు. మన పేట ప్రక్కను నిలిచియున్న సైనైడు గుట్టలను చూచినవారికి ఈ లెక్క సులభముగా బోధపడును. టన్ను రాయి పొడిచేసినను చేతికందిన బంగారము కొన్ని గ్రాములే గదా!

ఈ చరిత్రలో మేము గమనించిన దొక్కటే. నిజామాబాదులో గొప్ప భవనము మొదట రాలేదు. గురువు మొదట ఉండెను. శిష్యురాలికి తానొసగదగినది ఒసగిన పిదప పెద్ద కేంద్రమునకు పోవు దారి ఏర్పడెను. కావున బాక్సింగు నేర్వగోరు పిల్లలు స్థలమును గాక గురువును వెదకవలెనని మా నిశ్చితాభిప్రాయము. అతని నెట్లు గుర్తింపవలెను?

మొదటి గుర్తు: అతడు తొందరపెట్టడు. ఆరంభమున కాళ్లు నిలుపు తీరు, ముందుకు వెనుకకు జరుగు తీరు, గడ్డము దాచి చేతులు పైకెత్తుకొను తీరు నేర్పును. త్రాడు దూకించును. పలు వారములు ఎడమచేతి సూటిదెబ్బ యొక్కటియే వేయించును. విసుగు పుట్టవచ్చును. పుట్టనిండు. గనిలో దిగిన తాతలున్న ఇండ్లు మన యూరిలో నెన్నియో గలవు. క్రొత్తవాడు పాతవాని వెనుక నడచుచు పని యెట్లు నేర్చెనో వారినే అడుగుడు.

రెండవ గుర్తు: ఇద్దరిని ఎదురెదురుగా నిలిపినప్పుడు బరువును, వయస్సును, అనుభవమును సరిచూచును. తలకు రక్షణకవచము, నోటికి పండ్ల తొడుగు లేనిదే పిల్లలను దింపడు. తాను ప్రక్కనే నిలుచును. సెల్‌ఫోను చూచుచు కూర్చుండడు.

మూడవ గుర్తు: ఆపుట తెలిసినవాడై యుండును. తలకు గట్టిదెబ్బ తగిలి పోటీ నిలిపివేయబడినచో ఆటగాడు కనీసము 30 దినములు బరికి దూరముగా నుండవలెనని నియమము కలదు. సాధనలో తగిలిన దెబ్బకును ఈ నియమమునే పాటించువాడు గురువు. "ఇదేమి దెబ్బ, లేచి ఆడు" మనువాడు గురువు గాడు. ఎదిగెడి పిల్లలను చిన్న తరగతిలో దింపుటకై అన్నము, నీరు మాన్పించువాడును గురువు గాడు.

నాల్గవ గుర్తు: అతని శిష్యులు ఎక్కడనో యొకచోట పోటీ చేసియుందురు. గెలిచిరా యని గాదు, పోటీ చేసిరా యని అడుగవలెను. జిల్లా, రాష్ట్ర సంఘములతో సంబంధము, పేర్లు నమోదు చేయించు పద్ధతి, వైద్యపరీక్ష, పుట్టిన తేదీ పత్రము, వీని సంగతి అతనికి క్షుణ్ణముగా తెలిసియుండును. 13, 14 ఏండ్లవారు ఒక తరగతి, 15, 16 ఏండ్లవారు మరియొకటి, 17, 18 ఏండ్లవా రింకొకటి, ఆపై పెద్దలు. వయస్సు తగ్గించి వ్రాయింతమనువాని యొద్దనుండి ఆ నిమిషముననే వచ్చివేయుడు. మొదటి పాఠముగా అబద్ధము నేర్పువాడు తరువాత ధర్మము నేర్పడు. పటియాలాలోని జాతీయ క్రీడాసంస్థ 1961 నుండి శిక్షకులను తయారుచేయుచున్నది. అచ్చటి పట్టా యున్న మంచిదే, అడుగుటకు సంకోచింపరాదు. కాని పట్టా గోడపై నుండును, గురుత్వము నేలపై కనబడును. రెండును చూడవలెను.

ఇక తల్లిదండ్రుల భయమును గూర్చి. ఆ భయము వట్టిదని మేము చెప్పబోము. తలదెబ్బ అబద్ధము గాదు. కాని భయమునకు మందు నిషేధము గాదు, చూచుట. ఒకనాటి సాయంకాలము పిల్లవానితో, లేక పిల్లతో, ఆ స్థలమునకు మీరే పొండు. ఒక మూల కూర్చుండి గంటసేపు చూడుడు. చిన్నవారితో నెట్లు మాటలాడుచున్నారు? ఏడ్చినవానిని చూచి నవ్వుచున్నారా? బాలికలకు వేరుగా బట్టలు మార్చుకొను గది యున్నదా? పెద్దలు వచ్చి చూచుట కిష్టపడని చోటికి పిల్లలను పంపకుడు. దీనికన్న సులభమైన పరీక్ష మాకు తోపలేదు. ఆడపిల్లకు ఇదేమి ఆట యనువారికి వేరుగా సమాధానము చెప్పవలసిన పని లేదు. స్త్రీల బాక్సింగు 2012లో లండన్ ఒలింపిక్సులో ప్రవేశించెను. ఆ యేడే మన దేశపు మేరీ కోమ్ కాంస్యము తెచ్చెను. 2028 లాస్ ఏంజిలిస్ క్రీడలలోను బాక్సింగు ఉండునని 2025లో నిర్ణయమైనది.

మన తెలుగు బడి పిల్లలకు మరియొక సంకోచము గలదు. పరాయి పట్టణములో శిక్షకుడు కన్నడమునో, హిందీనో, ఆంగ్లమునో మాటలాడును. మేము తెలుగులో చదివినవారము, అచ్చట నిలువగలమా యని. ఇంట తెలుగు, అంగడిలో తమిళము, కచేరిలో కన్నడము వినుచు పెరిగిన పిల్లలు భాషకు వెరచుట వింతగా నున్నది. బరిలో మధ్యవర్తి పలుకు ముఖ్యమైన ఆజ్ఞలు మూడు: బాక్స్, స్టాప్, బ్రేక్. ఆడుము, ఆగుము, విడివడుము. రాబర్ట్‌సన్‌పేటలోను ఇవియే, ఇస్తాంబుల్‌లోను ఇవియే. నిజామాబాదు పిల్లకు చాలిన మాటలు మన పిల్లలకు చాలకపోవునా?

కాని దూరమను మాట నిజము. బంగారుపేట మీదుగా బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్లు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినది మొదలు మన యిండ్లలోని పెద్దలు వేలసంఖ్యలో ఆ రైలెక్కి పనికి పోవుచున్నారు. తెల్లవారకముందే లేచు తండ్రి, చీకటి పడినపిదప వచ్చు తండ్రి మనకు తెలియనివారు గారు. చదువుకొను పిల్లలు నిత్యము అట్లు పోవలెననుట క్రూరము. భారత క్రీడా ప్రాధికార సంస్థవారి దక్షిణ కేంద్రము బెంగుళూరులో నున్నది. బళ్లారి జిల్లా విజయనగర్‌లో 2018లో ప్రారంభమైన క్రీడా సంస్థలో బాక్సింగు నేర్వువారు అచ్చటనే యుండి చదువుకొనుచున్నారు. కాని యిట్టి పెద్ద కేంద్రములు పునాది గలవారిని పరీక్షించి యెన్నుకొనును. ఆ పునాది యూరిలోనే పడవలెను. అంతవరకు విద్యార్థులు చేయదగినది లేకపోలేదు. ఉదయమున పరుగు, త్రాడు దూకుట, దండెములు, బైఠకులు, వేళకు నిద్ర. ఇవి చేయుటకు గురువు రానక్కరలేదు. ఆరునెలలు వీనిని మానక చేసిన పిల్లవాడు గురువు ముందుకు పోయినప్పుడు వేరుగా కనబడును. గాలిని గ్రుద్దుట కాదు గాని, ఒకరినొకరు గ్రుద్దికొని నేర్చుకొనుట మాత్రము వలదు. తప్పు నిలుకడ అలవాటైనచో దానిని మాన్పుట క్రొత్తగా నేర్పుటకంటె కష్టము.

చివరగా ఊరి పెద్దలకును పూర్వవిద్యార్థులకును ఒక మనవి. ఒకప్పుడు గనుల యాజమాన్యము ఆటస్థలములను, క్లబ్బులను పోషించెను. గనులతో ఆ పోషణయు పోయినది. మైదానముల నేల మాత్రము పోలేదు. క్రీడలకై మనము విరాళములు ప్రోగుచేసినప్పుడెల్ల మొదట గోడకు రంగు, ద్వారమునకు పేర్ల పలక, లోపల ఇనుప పరికరములు వచ్చుచున్నవి. తాళము తీయువాడే కరవగుచున్నాడు. ఈ వరుసను తలక్రిందు చేయుడని మా ప్రార్థన. మొదటి రూపాయి గురువు జీతమునకు పోవలెను. వారమునకు మూడు సాయంకాలములు నియమముగా వచ్చు ఒక మంచి శిక్షకుడు, ఒక మైదానము, పది త్రాళ్లు చాలును. బరి, దాని నాలుగు మూలల స్తంభములు, సంచులు, గంట, ఇవి యొక్కొక్కటిగా వచ్చును. కోలారులోని జిల్లా యువజన, క్రీడా శాఖవారి కార్యాలయమునకు పదిమంది తల్లిదండ్రులు కలిసి పోయి, మా పిల్లలకు బాక్సింగు శిక్షకుని పంపుడని వ్రాతపూర్వకముగా అడుగుట మొదటి మెట్టు. ఒక్కడు పోయిన వినకపోవచ్చును. పదిమంది పోయిన విందురు. వినకున్న మరల పోవలెను.

విద్యార్థులారా! మీరడిగిన ప్రశ్నకు మా సమాధానమిది. మిమ్ము మొదటి దినముననే బరిలోనికి పిలుచు చోటికి పోకుడు. "ఇంకను సమయము రాలేదు, వేచియుండు" మని చెప్పగలవాని యొద్దకు పొండు. అట్టివాడు దొరకినచో అతనిని విడువకుడు. సంచి నెత్తుకొని, అమ్మకు చెప్పి, వేళకు పొండు.