వెంకటాపూర్ మొసలి, పదో తరగతి పుస్తకం

పరిణామం అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది ఒకటే బొమ్మ.. కోతి మెల్లగా నిటారుగా నిలబడి మనిషైపోవడం. వెంటనే "మరి ఇప్పటి కోతులెందుకు మారట్లేదు?" అని ఒక ఫార్వర్డు. చిన్న బగ్గుకి కూడా లాగ్ చూపించమనే మనం ఇక్కడ మాత్రం ఆధారం అడగం!

ఆధారం ఎక్కడో అమెరికాలోనే ఉండక్కర్లేదు. మా ద్రాక్షారామం వైపు ఎంత తవ్వినా గోదారి తెచ్చిపోసిన ఒండ్రే గానీ, ఎగువన పాత ఆదిలాబాద్ జిల్లాలో ట్రయాసిక్ కాలపు పొరలు పైకే కనిపిస్తాయి. వయసు 20 కోట్ల ఏళ్ళ పైమాటే. వాటి పేర్లు కూడా మన ఊళ్ళవే.. మాలేరి, ధర్మారం. ఆ ధర్మారం పొరల్లో దొరికిన ఒక సరీసృపానికి 2023లో వెంకటసూకస్ ఆర్మేటమ్ అని పేరు పెట్టారు. అంటే వెంకటాపూర్ మొసలి, కవచం తొడుక్కున్నది. (మనూరి వెంకటేశుకి ఇంతకంటే గౌరవం ఏముంటుంది చెప్పండి!)

ఇది ఈటోసార్ల కుటుంబం. వీపు మీద చర్మంలోనే పెరిగిన ఎముక పలకలు.. నడుమ రెండు వరసలు, అటూ ఇటూ ఒక్కోటి. పలకల మీది గుంటలూ గాళ్ళూ చూసే ఏ రకమో పోల్చుకుంటారు. చూపుకి ఇది ఆంకిలోసారస్ అనే కవచపు డైనోసారులా ఉంటుంది కానీ చుట్టరికం మొసళ్ళతో. డైనోసార్లది పక్షుల వైపు కొమ్మ. ఒకే రిక్వైర్‌మెంటుకి రెండు టీములు విడివిడిగా కోడు రాసినట్టు. కాకపోతే ఇక్కడ ఆర్కిటెక్టు లేడు. కరిచే నోళ్ళ మధ్య, కాస్త గట్టి చర్మం ఉన్నవి ఎక్కువ పిల్లల్ని మిగిల్చాయి, అంతే.

మాలేరిలో దొరికిన పారాసూకస్ ఇంకా తమాషా. పొడుగు మూతి, కవచం.. అచ్చం మొసలే. ముక్కు రంధ్రాలు మాత్రం మూతి చివర కాదు, కళ్ళ దగ్గర! 1885లో లైడెకర్ దీన్ని వర్ణించిన ముక్కల్లో వేరే జంతువు ఎముకలు కూడా కలిసిపోయాయి. కలకత్తా ఐఎస్ఐలో శంకర్ ఛటర్జీ 1978లో పూర్తి అస్థిపంజరాలు చూపించి లెక్క తేల్చారు. చివరికి 2003లో ఆ పేరుని ఒక పూర్తి అస్థిపంజరానికే అధికారికంగా ముడేశారు. సైన్సంటే నాకు నచ్చేది ఇదే, నూట పద్దెనిమిదేళ్ళకైనా సరే రికార్డు సరిచేస్తారు.

ఇప్పుడు అసలు గొడవ. భారం తగ్గించే పేరుతో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి నుంచి పరిణామం పాఠం తీసేసింది. 2023లో 1800 మందికి పైగా సైంటిస్టులు, టీచర్లు అభ్యంతరం చెప్పారు. "పన్నెండులో ఉందిగా" అని జవాబు. ఎవరికి ఉంది? బైపీసీ వాళ్ళకి! మనలాంటి ఎంపీసీ బ్యాచికి జీవశాస్త్రం పదితోనే సరి. రేపు డేటా సైన్సూ, ఏఐ చేసేదీ ఆ పిల్లలే.

అధ్యాయం మొత్తం కూడా అక్కర్లేదు, ఒక్క పేజీ చాలు. వెంకటసూకస్ వీపు బొమ్మ, పక్కన ఆంకిలోసారస్ వీపు బొమ్మ, కింద రెండు మార్కుల ప్రశ్న: వీటిలో మొసలికి దగ్గరి చుట్టం ఏది, ఎలా చెప్పగలవు?