వెయ్యి లెక్కకు అందని పని

భీమ్‌గల్ చుట్టుపక్కల ఆడవాళ్లకు చేతిపని కొత్తేమీ కాదు. ఒళ్లో చాట, అందులో తునికాకు, తంబాకు, దారం. కూలి వెయ్యి బీడీల లెక్కన. బతుకమ్మ పండుగ మొదలయ్యే ఎంగిలిపూల నాటి నుంచి అవే చేతులు గునుగు కాడలు సమంగా కోసి, రంగులద్ది, తంగేడు మీద వరుసలు పేరుస్తాయి. పైన పసుపు గౌరమ్మ. ఇక్కడ లెక్క అడిగేవారు లేరు. నలుగురూ ముచ్చట్లాడుతూ కూర్చుంటే గుండె బరువు కొంత దిగుతుంది. కళలు మనసుకు మేలు చేస్తాయని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 900కు పైగా ప్రచురణలు పరిశీలించి చెప్పింది. మన అక్కలను అడిగినా చెప్పేవారే. అయితే రోజుల తరబడి వదలని దిగులుకు పూలే మందని అనడం లేదు. డాక్టరును కలవండి, మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. మగవాళ్లకో మనవి: ఈసారి గునుగు కోసుకొచ్చి చేతులు దులుపుకోకండి, పేర్చడానికీ కూర్చోండి.