కాన్పు తర్వాత నలభై రెండు రోజులు

కాన్పు ఆడదానికి మరుజన్మ అంటారు మన పెద్దలు. ఆ మరుజన్మ ఎత్తిన మనిషి మర్నాటి నుంచి ఎలా బతుకుతోందని అడిగేవాళ్ళు మాత్రం తక్కువ. కడుపుతో ఉన్నన్నాళ్ళూ 'ఏం తిన్నావమ్మా' అని అడిగినవాళ్ళే బిడ్డ భూమ్మీద పడగానే 'పాలు చాలుతున్నాయా' అని అడుగుతారు.

కొంత మార్పు వచ్చిన మాట నిజమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. చిత్తూరు పల్లెల నుంచి కష్టమైన కాన్పులు తిరుపతి ప్రసూతి ఆసుపత్రికి చేరుతున్నాయి. కానీ అదే సర్వేలో 42 శాతం సిజేరియన్లు. గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత. కుట్లతో, పాలిపోయిన ఒంటితో ఇల్లు చేరుతున్న తల్లులు వీళ్ళు.

కాన్పయ్యాక 42 రోజుల లోపు ఆ కారణంగా తల్లి చనిపోతే దాన్ని ప్రసూతి మరణంగానే లెక్కిస్తారు. రక్తస్రావం, రక్తపు పోటు, పురిటి జ్వరం ఆ రోజుల్లోనే కాటేస్తాయి. బయటికి చెప్పుకోలేని దిగులూ అప్పుడే కమ్ముకుంటుంది. ఆ 42 రోజుల్లో ఆశా కార్యకర్త ఆరుసార్లు ఇంటికి రావాలి. తల్లినీ చూడాలని నియమం ఉంది. అయినా ఆ పథకం పేరు నవజాత శిశు సంరక్షణ. ఆమె సంచిలోని తూకం బిడ్డకే.

బాలింతకు విశ్రాంతి కావాలన్న తెలివి మన ఆచారంలో ఉంది. దానికి మైల అని పేరు పెట్టారు. పథ్యమని కూరలూ, చివరికి మంచినీళ్ళూ తగ్గించారు. చెనక్కాయ చేలకూ, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకూ పోయే కూలి తల్లికి ఆ విశ్రాంతైనా దక్కదు. పని మానితే పొయ్యి వెలగదు. 2017లో ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచినప్పుడు ఆమె ఆ లెక్కలోకే రాలేదు. 2013 ఆహార భద్రతా చట్టం ప్రతి గర్భిణికీ, బాలింతకూ 6 వేలకు తగ్గకుండా ఇవ్వాలంది. ఆచరణలో తొలి కాన్పుకు 5 వేలు. రెండో కాన్పుకు ఆడపిల్ల పుడితేనే 6 వేలు. కూలి తల్లి రెండో కాన్పులో మగబిడ్డను కంటే ఆమె ఒళ్ళు అలవలేదనా?

ఇద్దరికి మించి కన్నవాళ్ళు పంచాయతీ ఎన్నికల్లో పోటీకి తగరని 1994లో చట్టం చేశారు. 2024లో ఆ నిబంధన ఎత్తేశారు. ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. అప్పుడూ ఇప్పుడూ ఆమె కడుపు గురించే మాట. ఆమె ఒంటి గురించి కాదు. కనాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. కన్నాక ఆమెను నిలబెట్టడం ప్రభుత్వ బాధ్యత.

అందుకే మనం అడగవలసింది స్పష్టం: ప్రతి కాన్పుకూ, షరతులు లేకుండా, కోల్పోయిన కూలికి సరిపడే ప్రసూతి భత్యం. ఆరు వారాల్లో తల్లికి తప్పనిసరి పరీక్షలు, రక్తపు పోటు కొలతతో సహా. ఆర్నెల్లపాటు ఆమె చేతికందే ఇనుము మాత్రలు. ఈ అడగడం మన ఇళ్ళ నుంచే మొదలుపెడదాం. బాలింతను చూడటానికి వెళ్ళినప్పుడు ఉయ్యాల వైపు నడిచేముందు మంచం దగ్గర ఆగుదాం. 'నీకెట్లుంది?' అని ముందు ఆమెను అడుగుదాం.