పర్‌ఫెక్ట్‌గా కొట్టినా అవుటే!

బేస్‌బాల్ వీడియో గేమ్ ఆడేవాళ్ళు ఎక్కువగా తిట్టేది ఎదుటి జట్టుని కాదు, గేమ్‌నే. 2006లో మొదలై ఏటా కొత్తగా వస్తున్న ‘ఎమ్.ఎల్.బి. ద షో’నే తీసుకోండి. బంతి ఎక్కడికి వస్తుందో చూసి, ఎడమ బొటనవేలితో గురిని అక్కడికి జరపాలి. సరైన క్షణంలో బటన్ నొక్కాలి. గురీ, టైమింగూ రెండూ కుదిరితే తెర మీద ‘పర్‌ఫెక్ట్, పర్‌ఫెక్ట్’ అని పడుతుంది. అయినా సరే, ఆ బంతి ఒక్కోసారి తిన్నగా ఫీల్డర్ చేతిలోకి పోతుంది. అవుట్!

ఇక చూడండి గోల. “ఇదేం రియలిజం? అన్నీ సరిగ్గా చేశాక కూడా అవుటేమిటి? గేమ్ మోసం చేస్తోంది” అని పిల్లలూ అంటారు, ముప్ఫై దాటిన మన సాఫ్ట్‌వేర్ బాబులూ అంటారు.

నేననేది ఒక్కటే. ఆ గేమ్‌లో అన్నిటికన్నా నిజమైనది ఆ అవుటే. గడ్డి పచ్చగా మెరవడం, ఆటగాడి గడ్డం అచ్చంగా ఉండడం, ఇవన్నీ పైపై మెరుగులు. అసలు బేస్‌బాల్ ఏమిటి? అరవై అడుగుల ఆరంగుళాల దూరం నుంచి గంటకి 95 మైళ్ళ వేగంతో వచ్చే బంతి సెకనులో సగం కూడా పట్టకుండా మీద పడుతుంది. పదిసార్లలో మూడుసార్లు హిట్ కొట్టినవాణ్ణి మొనగాడంటారు. 2024లో మేజర్ లీగ్ మొత్తం సగటు .243. అంటే వాక్‌ల లాంటివి పక్కన పెడితే, నూటికి డెబ్భై అయిదు సార్లకి పైగా హిట్ లేకుండా వెనక్కి వెళ్ళడమే! ఏడాదికి 162 ఆటలు పెట్టింది అందుకే కాబోలు, ఒక్కరోజు లెక్కతో ఎవడి పనితనమూ తేలదు. ఈ సంగతి దాచిపెట్టి గడ్డి మాత్రం అచ్చు దింపితే అది బేస్‌బాల్ అవదు, బేస్‌బాల్ కేలండర్ అవుతుంది.

“డబ్బు పెట్టి కొన్నాం, కాసేపు సరదాగా ఉండొద్దా?” అంటారు. ఉండండి, ఎవరొద్దన్నారు? సులువైన లెవెల్ ‘బిగినర్’ దగ్గర్నుంచి బాగా కష్టమైనవాటి దాకా ఉన్నాయి. సులువైనది పెట్టుకుని ఇన్నింగ్స్‌కి పది రన్స్ చేసుకోండి. కానీ పై లెవెల్లో కూర్చుని, పైకి రియలిజం అంటూ, లోపల మాత్రం ‘నేను కష్టపడితే ఫలితం రాసివ్వాలి’ అని పట్టుబట్టకండి. ఆ గేమ్‌లోనే అసలు డబ్బుతో ‘స్టబ్స్’ కొని, వాటితో గొప్ప ఆటగాళ్ళ కార్డులు కొనుక్కునే దుకాణం కూడా ఉంది. నేను తప్పుపట్టేది దాన్ని. ఓటమిని నేర్పగలిగిన ఆట పక్కనే ఓటమి తప్పించుకునే దారిని అమ్మకానికి పెట్టడమేమిటి?

ఈ గొడవ మనకెందుకంటారా? మనకే కావాలి. అన్నీ సరిగ్గా చేసి కూడా అవుటవడం మనకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? మంచి చదువు, మంచి ఉద్యోగం, తప్పుల్లేని కాగితాలు, అన్నీ ఉండి హెచ్-వన్ లాటరీలో పేరు రానివాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. వాళ్ళు పర్‌ఫెక్ట్‌గానే కొట్టారు, బంతే ఫీల్డర్ వైపు పోయింది. అంత తెలిసినవాళ్ళం, పిల్లాడు పరీక్ష రాసి ఇంటికొస్తే మనమడిగే మొదటి ప్రశ్న “ఎంతొచ్చింది?” పక్కింటివాళ్ళమ్మాయికి ఎంతొచ్చిందన్నది రెండో ప్రశ్న. ఎలా రాశావన్నది మూడో ప్రశ్నగానైనా రాదు. ఫలితం బాగుంటే పని బాగున్నట్టు, లేకపోతే పని చెడినట్టు! ఆ పిల్లాడే రాత్రి గేమ్‌లో అవుటై కంట్రోలర్ విసిరికొడితే “వీడికి ఓర్పు లేదు” అని మనమే అంటాం. ఓర్పు ఎక్కడ నేర్పాం గనక?

అయితే ఒక హెచ్చరిక. అవుటైన ప్రతిసారీ “అదృష్టం బాగాలేదు” అని సరిపెట్టుకోమనడం లేదు. ఈ గేమ్ 2023 నుంచి నీగ్రో లీగ్‌ల ఆటగాళ్ళ కథలు కూడా ఆడిస్తోంది. జాష్ గిబ్సన్ 1947 జనవరిలో పోయాడు. జాకీ రాబిన్‌సన్ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టింది అదే ఏడాది ఏప్రిల్‌లో. గిబ్సన్‌కి ఆ గుమ్మం ఎన్నడూ తెరుచుకోలేదు. నీగ్రో లీగ్‌ల లెక్కలు 2024లో మేజర్ లీగ్ రికార్డుల్లో కలిపితే, .372తో జీవితకాలపు సగటులో అతనిదే మొదటి స్థానమైంది. గిబ్సన్‌కి జరిగింది బంతి ఫీల్డర్ చేతిలో పడడం కాదు. మనుషులు కావాలని తలుపు మూయడం. మొదటిదాన్ని ఓర్చుకోవాలి, రెండోదాని మీద తిరగబడాలి. ఈ రెంటికీ తేడా తెలియనివాడు లైన్ డ్రైవ్ పట్టుకున్న ఫీల్డర్‌ని తిడతాడు, తలుపు మూసినవాడికి దణ్ణం పెడతాడు.

కనుక అయ్యలారా, అమ్మలారా, ఆ గేమ్ పిల్లల చేతిలోంచి లాక్కోకండి. కార్డుల కోసం క్రెడిట్ కార్డు మాత్రం ఇవ్వకండి. వీలైతే పక్కన కూర్చుని ఒక ఆట చూడండి. మనవాడు పర్‌ఫెక్ట్‌గా కొట్టి అవుటైనప్పుడు “అయ్యో, పోయింది” అనకండి. “బాగా కొట్టావురా” అనండి. వచ్చే నెల ప్రోగ్రెస్ రిపోర్ట్ వచ్చినప్పుడు కూడా ఆ మాట గుర్తుంటే ఇంకా సంతోషం.