గడ్డి రన్‌వే మీద కూడికలు చెల్లవు

శిక్షణ విమానం గడ్డి రన్‌వే మీంచి లేవబోతూ చెట్లకి తగిలిందంటే చాలు, "కుర్రాడికి చేతకాలేదు" అని తేల్చేస్తాం. బగ్ వస్తే ఫ్రెషర్ మీదకి తోసేసినట్టే!

అసలు లెక్క చూడండి మాష్టారూ. బ్రిటన్ విమానయాన నియంత్రణ సంస్థ సీఏఏ లెక్కన టేకాఫ్ దూరం తడిగడ్డికి 30 శాతం, 10 శాతం అదనపు బరువుకి 20, 10 డిగ్రీల అదనపు వేడికి 10 పెరుగుతుంది. మాన్యువల్లో 500 మీటర్లుంటే, కూడితే 800. కానీ వీటిని గుణించాలి: 858! భద్రత కోసం 1.33తో కూడా గుణిస్తే 1,141.

800 మీటర్ల గడ్డి మీదకి కుర్రాణ్ణి పంపినాయన ఈ లెక్క వేయించాడా? సగం రన్‌వేకి లేచే వేగంలో 70 శాతం రాకపోతే ఆపెయ్యమని నేర్పాడా? నేర్పకపోతే తప్పు ఎవరిది?