మంచు గడ్డకట్టే లోపు తోటలో రంగులు

తోటకు అందం వసంతంలోనే అని మనలో చాలామంది అనుకుంటాం. శీతల ప్రాంతాల తోటమాలికి మాత్రం అసలు పరీక్ష ఆకురాలు కాలంలో ఎదురవుతుంది. ఒక్క రాత్రి మొక్కలపై మంచు గడ్డకడితే చాలు, నెలల తరబడి పెంచిన పూలమడి తెల్లవారేసరికి నల్లబడి వాలిపోతుంది. ఆ రాత్రికి ముందున్న కొద్ది వారాలను రంగులతో నింపడం ఒక విద్య. మన దేశంలో దాన్ని నేర్చుకోదగిన చోటు కాశ్మీర్ లోయ.

కాశ్మీరీలు ఈ ఋతువును 'హరుద్' అంటారు. అక్టోబరు, నవంబరు నెలల్లో చినార్ ఆకులు పసుపుకు, నారింజకు, చివరకు ముదురు ఎరుపుకు మారతాయి. జహంగీర్ కాలపు షాలిమార్ బాగ్‌లోనూ, నూర్జహాన్ సోదరుడు ఆసఫ్ ఖాన్ వేయించిన నిషాత్ బాగ్‌లోనూ ఆ వర్ణశోభను చూడడానికి దూరప్రాంతాల నుంచి జనం వస్తారు.

ఈ మార్పు వెనుక కారణం తెలిస్తే మొక్కల ఎంపిక సులభమవుతుంది. పగటి కాలం తగ్గి చలి పెరిగేకొద్దీ ఆకులోని పత్రహరితం క్షీణిస్తుంది. అంతవరకు దాని చాటున ఉన్న పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం అప్పుడే కొత్తగా తయారవుతుంది. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చల్లదనం ఉంటే అది చిక్కబడుతుంది. మంచు తొందరపడితే ఆకు ఎర్రబడకుండానే మాడిపోతుంది. మన వీధుల్లోని బాదం చెట్టు ఆకులు రాలేముందు ఎర్రబడడం కూడా ఇటువంటి మార్పే.

చినార్ మహావృక్షం, ఇంటి పెరట్లో ఇమడదు. చిన్న తోటకు మొక్కలను కూర్చేటప్పుడు ముందుగా అవి చలిని ఎంతవరకు ఓర్చుకుంటాయో చూసుకోవాలి. బంతి, కాస్మోస్, కోడిజుట్టు పువ్వు తొలి గడ్డమంచుకే నశిస్తాయి. గుల్‌దావూదీ అని ఉర్దూలో మనం పిలుచుకునే చేమంతి కొద్దిపాటి మంచును తట్టుకుంటుంది. కాశ్మీరీల నిత్యాహారమైన 'హాఖ్' ఆకుకూర అంతకన్నా గట్టిది. మడి ముందు వరుసలో బంతి, దాని వెనుక చేమంతి, అక్కడక్కడా హాఖ్ ఉంటే, బంతిని మంచు తీసుకుపోయిన నాడు కూడా తోట బోసిపోదు. అన్నీ ఒకే స్వభావం గల మొక్కలైతే ఒక్క రాత్రిలో అన్నీ పోతాయి.

రంగుల పొందికలోనూ వివేకం అవసరం. ఎర్రని ఆకుల పక్కన ఎర్రని పువ్వు కలిసిపోయి కనబడదు. తెలుపు, లేత పసుపు పూలయితే ఎరుపును ఎత్తి చూపుతాయి. నడుమ కాస్త పచ్చదనం ఉంటే రెండూ శోభిస్తాయి. ఆకురాలు కాలపు ఎండ ఏటవాలుగా పడుతుంది. మనం కూర్చునే చోటికీ సాయంకాలపు సూర్యునికీ మధ్య చెట్టు ఉంటే, వెలుగు ఆకుల గుండా వచ్చి దీపాల్లా మెరుస్తాయి.

అయితే అక్టోబరు అందానికి పని వేసవిలోనే మొదలు కావాలి. చేమంతి కొమ్మలను ముందుగానే నాటి, జూలై వరకు కొనలు తుంచుతూ ఉంటే మొక్క గుబురుగా పెరుగుతుంది. రాత్రులు పొడవయ్యాకే అది మొగ్గ తొడుగుతుంది. రాత్రంతా వీధి దీపపు వెలుగు పడే చోట నాటితే పూత ఆలస్యమవుతుంది. మన ఇళ్లలో చేమంతి పెంచేవారు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పాంపోర్ పొలాలకు ఊదారంగు పూసే కుంకుమపువ్వు దుంపలను కూడా వేసవి చివర్లోనే, నీరు నిలవని నేలలో నాటుతారు.

కాశ్మీరీ గృహిణుల నుంచి నేర్చుకోవలసిన అసలు పాఠం మరొకటి ఉంది. వారి తోటలో రంగు కేవలం కంటికి విందు కాదు. 'మవల్' అనే కోడిజుట్టు పువ్వును మంచుకు ముందే కోసి ఎండబెడతారు. విందు భోజనమైన వాజ్వాన్‌లోని మాంసం వంటకాలకు ఎరుపునిచ్చేది అదే. రాలిన చినార్ ఆకులను ఊడ్చి, కాల్చి, నీళ్లు చల్లి బొగ్గు చేస్తారు. శీతాకాలమంతా కాంగ్డీ కుంపట్లలో అది ఇంటిల్లిపాదికీ వెచ్చదనమిస్తుంది. ఎండబెట్టిన వంకాయలు, సొరకాయ ముక్కలు, ఎర్రని మిరప దండలు కూడా ఆ ఋతువు రంగులే. కళ్లెదుట రాలిపోయేదాన్ని చూసి విచారించే బదులు, రాబోయే కష్టకాలానికి దాన్ని పొదుపు చేసుకోవడంలోనే ఆ ఇళ్ల నేర్పు ఉంది.

అమెరికాలోనో, బ్రిటన్‌లోనో స్థిరపడిన మన బంధువుల పెరటి తోటలకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. తమ ఊరిలో తొలి గడ్డమంచు సాధారణంగా ఎప్పుడు పడుతుందో తెలుసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కించి నాటుకోవాలి. గడువు ఎరిగి పనిచేసేవారికి కొద్ది వారాలు కూడా చాలినంత కాలమే.